అద్దం చెప్పని బరువు

ఆ రెండు ఫొటోలను చూడనివారు ఉండరు. ఆదివారం పేపర్లో, సిటీ బస్సు వెనక, ఆస్పత్రి గోడ మీద, ఇప్పుడైతే అరచేతిలోని ఫోన్‌లో. ఎడమవైపు 'ముందు', కుడివైపు 'తర్వాత'. ఎడమవైపు మహిళ వదులైన నైటీలో, జుట్టు నుదుటి మీద పడుతుండగా, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టు ఉంటుంది. నవ్వుండదు. వెలుతురూ అంతంతే. కుడివైపు అదే మనిషి బిగుతైన జీన్స్‌లో, నడుం మీద చెయ్యి వేసుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంటుంది. మధ్యలో ఒక బాణం గుర్తు. కింద ఫోన్ నంబరు, ఇన్ని వారాల్లో ఇన్ని కిలోలంటూ ఒక హామీ.

ఆ బాణం గుర్తు మహా గడుసుది. ఏడాది పాటు పడిన ఆకలిని, అయిదు కిలోలు తగ్గాక మొరాయించిన వేయింగ్ మెషీన్‌ను, పండగనాడు పులిహోర గిన్నె ముందు జరిగిన యుద్ధాన్ని అది అంగుళం జాగాలో దాచేస్తుంది. "ఏంటే, మరీ ఇంత లావయ్యావు" అని పదేళ్లు సాధించిన పిన్నిగారే తీరా సన్నబడ్డాక "ఏంటే, ఇలా చిక్కిపోయావు, ఒంట్లో బాగుంటోందా" అని వాకిట్లోనే అందరి ముందూ అడిగే ఘట్టం కూడా ఆ బాణం కిందే ఎక్కడో ఉంటుంది. ఇక 'తర్వాత' ఫొటో తరువాత ఏం జరిగిందన్నది ప్రకటన పరిధిలోకి రాని విషయం.

ఆ బాణాన్ని పక్కకు జరిపి, దాని కిందున్న రోజుల్ని ఒక్కొక్కటిగా ఫొటో తీసిన వారు కొందరున్నారు. వారు తీసింది వేరెవరినో కాదు, తమనే.

జెన్ డేవిస్ కథ 2002లో మొదలైంది. అప్పటికి ఆమె షికాగోలోని కొలంబియా కాలేజీలో ఫొటోగ్రఫీ విద్యార్థిని, వయసు ఇరవై మూడు, ఇరవై నాలుగు మధ్య. స్నేహితులతో కలిసి సముద్ర తీరానికి వెళ్లినప్పుడు కెమెరాను తనవైపే తిప్పుకున్నారు. చుట్టూ ఈత దుస్తుల్లో సన్నటి శరీరాలు, వారి మధ్య ఒంటిని కప్పుకునే నల్లని దుస్తుల్లో భారీకాయంతో డేవిస్. ఎండ, ఇసుక, సెలవు అన్నీ ఉన్నాయి. ఆమెకు మాత్రం ఆ సెలవులో చోటు దొరకనట్టు కనిపిస్తుంది. ఆ ఫొటోకు 'ప్రెషర్ పాయింట్' అని పేరు పెట్టారు. అందులో తనను తాను చూసుకున్నాక మళ్లీ తీశారు. మళ్లీ మళ్లీ తీశారు. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఈ తరహా మనిషి మనకు తెలియనిది కాదు. ప్రతి పెళ్లి ఆల్బమ్‌లోనూ ఉంటుంది. గ్రూప్ ఫొటో అనగానే వెనక వరుసలోకి జారుకునే అక్క, పొట్టకు అడ్డంగా పక్కింటి పాపాయిని ఎత్తుకునే వదిన, "మీరంతా నిలబడండి, నేను తీస్తా" అంటూ ఎప్పుడూ కెమెరా వెనకే ఉండిపోయే చెల్లెలు. ఇరవై ఏళ్ల కుటుంబ చరిత్రలో ఆమె భుజమో చెయ్యో తప్ప మొత్తం మనిషి ఎక్కడా దొరకదు. డేవిస్ చేసిందల్లా కెమెరా వెనకున్న ఆ మనిషిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టడమే. అది చెప్పినంత తేలిక కాదు. దాచుకోవాలనుకునేదీ తనే, బయటపెట్టేదీ తనే.

ఆ ఫొటోల్లో పెద్ద సంఘటనలేవీ ఉండవు. మంచం మీద ఒంటరిగా కూర్చున్న స్త్రీ, కిటికీలోంచి ఒంటి మీద పడే వెలుతురు, తినేటప్పుడు ముఖంలో మెదిలే ఏదో సంకోచం. వెలుతురు మాత్రం అద్భుతంగా ఉంటుంది. పాత యూరప్ చిత్రకారులు రాజకుటుంబాల స్త్రీల మీద పోసిన వెలుగు లాంటిది. లావుగా ఉన్న ఒంటిని అంత శ్రద్ధగా చూసే అలవాటు మన కళ్లకు లేదు కాబట్టి మొదట కొంచెం తడబడతాం. 2004 నాటి 'ఫాంటసీ నంబర్ వన్'లో ఆమె పక్కన ఒక పురుషుడు ఉంటాడు. అది ప్రేమ సన్నివేశమే. కాకపోతే కెమెరా కోసం ఏర్పాటు చేసినది. తన జీవితంలో అప్పటికి లేని దగ్గరితనం ఎలా ఉంటుందో ఫొటోలో కట్టి చూసుకున్నారామె. మొత్తం పరంపరలో అన్నిటికన్నా బాధ కలిగించే చిత్రాలు ఇవే. లావు వల్ల కాదు, ఆ ఊహ వల్ల.

మలుపు వచ్చింది కూడా ఆ ఫొటోల నుంచే. అప్పటికి తొమ్మిదేళ్ల చిత్రాలు పోగయ్యాయి. ఆమె యేల్ యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తి చేశారు, ఊళ్లు మారారు. ఫొటోల్లో గదులు మారాయి, దుప్పట్లు మారాయి, వెలుతురు మారింది. మారనిది ఒక్కటే, ఒళ్లు. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి ఇది తెలియదు. అద్దం ఈ రోజును మాత్రమే చూపిస్తుంది. నిన్నటిదాన్ని చెరిపేస్తుంది. వరసగా పేర్చిన తొమ్మిదేళ్లకు ఆ మొహమాటం లేదు. 2011లో డేవిస్ ల్యాప్‌బ్యాండ్ సర్జరీ చేయించుకున్నారు. పొట్ట పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ బిగించి, కొంచెం తినగానే కడుపు నిండినట్టు అనిపించేలా చేసే శస్త్రచికిత్స అది. దాదాపు 50 కిలోలు తగ్గారు. కెమెరాను అప్పుడూ ఆపలేదు. 2013 దాకా తీసిన చిత్రాలు మరుసటి ఏడాది 'ఎలెవెన్ ఇయర్స్' పేరుతో జర్మనీకి చెందిన కేరర్ ప్రచురణ సంస్థ నుంచి పుస్తకంగా వచ్చాయి.

పుస్తకం చివరి పేజీల్లో 'తర్వాత' ఫొటో కోసం వెతికేవారికి నిరాశ తప్పదు. నడుం మీద చెయ్యి లేదు, పళ్ల నవ్వు లేదు. సన్నబడిన మనిషి అదే కిటికీ వెలుతురులో, కొత్త ఒంటిని ఎలా మోయాలో ఇంకా తెలియనట్టు కూర్చుని ఉంటుంది. ఒళ్లు తగ్గినంత వేగంగా ఆ సంకోచం తగ్గలేదని కెమెరా పట్టేసింది.

తగ్గిన ఒళ్లు ఎలా ఉంటుందన్న విషయంలో మరింత నిర్మొహమాటంగా మాట్లాడింది జూలియా కోజెర్‌స్కీ. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీకి చెందిన ఈ ఫొటోగ్రాఫర్ 2009 చివర్లో బరువు తగ్గాలని నిశ్చయించుకునే నాటికి 338 పౌండ్లు, అంటే 153 కిలోలు ఉన్నారు. తిండి తగ్గించి, వ్యాయామం పెంచి 160 పౌండ్లు, దాదాపు 73 కిలోలు తగ్గించుకున్నారు. దాదాపు సగం మనిషి మాయమైంది. ఆమె స్వీయ చిత్రాల పరంపర పేరు కూడా 'హాఫ్'.

దానికి సమాంతరంగా మరో పని చేశారు. బట్టల షాపుల ట్రయల్ రూముల్లో ఫోన్‌తో అద్దంలోని తనను తీసుకుంటూ పోయారు. సైజు మారుతున్న కొద్దీ గౌన్లు మారుతుంటాయి. మొదట్లో జిప్పు సగంలో ఆగిపోతుంది. తర్వాత భుజాల మీంచి గుడ్డ జారిపోతుంది. ట్రయల్ రూములో తలుపు గడియ వేసుకుని ఆ గుడ్డతో కుస్తీ పట్టిన అనుభవం ఉన్నవారికి ఈ ఫొటోలను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

'హాఫ్' మాత్రం నవ్వించే వ్యవహారం కాదు. అందులో బట్టలుండవు. ప్రకటనలు ఎన్నడూ చూపించనిది ఏమిటో అందులో ఉంటుంది. పొట్ట మీద, చేతుల కింద, తొడల మీద మడతలు పడి వేలాడే చర్మం, దానిపై వెండి చారలు. ఏళ్ల తరబడి సాగిన చర్మం కింది కొవ్వు కరిగిపోయినంత మాత్రాన తిరిగి బిగుసుకోదు. సాగే గుణాన్నిచ్చే పోగులు అప్పటికే తెగిపోయి ఉంటాయి. వయసు, ఎంత బరువు, ఎన్నేళ్లు మోశారన్నదాన్ని బట్టి కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. దాన్ని తీయించుకోవాలంటే మరో ఆపరేషన్, మరో కుట్ల వరస. సన్నబడితే కలల శరీరం వస్తుందనుకున్న యువతికి ఇరవైల్లోనే ముదుసలి చర్మం ఎదురైంది. చాలామంది ఇక్కడ బట్టలు కప్పుకుని ఊరుకుంటారు. కోజెర్‌స్కీ లైటు వేసి, కెమెరా పెట్టి, దాన్ని కూడా తన కష్టార్జితంలో భాగంగానే లెక్కవేశారు.

ఇదంతా అమెరికా భాగోతం అని తీసిపారేసే రోజులు ఎప్పుడో పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశ సగటు 24 శాతమే. బరువు తగ్గించే సూదిమందు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్లోకి వచ్చాయి. ఇక బాణం గుర్తులకు కొదవేముంటుంది?

తెలుగు తెర కూడా ఒకసారి ఈ విషయం జోలికి వెళ్లింది. 2015లో వచ్చిన 'సైజ్ జీరో' కోసం అనుష్క నిజంగానే ఒళ్లు చేశారు. దాదాపు 20 కిలోలు పెరిగారని అప్పట్లో వార్తలు. అడ్డదారి స్లిమ్మింగ్ సెంటర్లను ఎండగట్టిన సినిమా అది. సినిమా వచ్చింది, వెళ్లింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె ఏ ఫంక్షన్‌కు వచ్చినా నటన గురించి కన్నా నడుం గురించే ఎక్కువ చర్చ జరిగింది. సినిమా ఎవరిని ఉద్దేశించి తీశారో వారే ఆ చర్చ చేశారు మరి.

విశేషమేమిటంటే, చిక్కిన ఒంటిని తనే ఫొటో తీసుకుని దాచిపెట్టిన మనిషి మన ఉపఖండంలో వీరందరికన్నా ఎంతో ముందే ఉన్నారు. పేరు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి. 1870లో పుట్టిన ఈ పంజాబీ జమీందారు వంశీకుడు సంస్కృతం, పార్శీ చదువుకున్న పండితుడు, యోగాభ్యాసి. హంగేరీకి చెందిన గాయని మేరీ ఆంటోనెట్‌ను పెళ్లాడారు. ఫొటోగ్రఫీ ఆయనకు వృత్తి కాదు. 1889 నుంచి దాదాపు అరవై ఏళ్లు ఇంట్లోవారిని, అందరికన్నా ఎక్కువగా తనను తాను తీసుకుంటూ పోయారు. తలపాగాతో, పుస్తకాల మధ్య, టెలిస్కోపు పక్కన, గోచీ కట్టుకుని యోగి భంగిమలో.

1930లో తీసుకున్న ఒక చిత్రానికి ఆయన పెట్టుకున్న గుర్తు పదిహేను రోజుల ఉపవాసం తర్వాత అని. అప్పటికి అరవై ఏళ్లు. ఒంటి మీద చొక్కా లేదు. పొడవాటి గడ్డం, జుట్టు, ఉపవాసంతో పిడచకట్టిన దేహం. ఉపవాసం అనగానే దేశమంతటికీ గాంధీ గుర్తొచ్చే కాలమది. షేర్‌గిల్ ఫొటో ఉద్యమం కోసం కాదు. ఎవరికీ చూపించడానికీ కాదు. పదిహేను రోజుల్లో తన ఒంట్లో ఏం జరిగిందో చూసుకోవాలన్న ఆసక్తి. 2008లో ఢిల్లీకి చెందిన ఫొటోఇంక్ సంస్థ పుస్తకంగా తెచ్చే వరకు ఆయన చిత్రాలు ఎక్కువగా కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. మనవడు, చిత్రకారుడు వివాన్ సుందరం వాటిని కంప్యూటర్ మీద అతికి 2001-02లో 'రీటేక్ ఆఫ్ అమృత' అనే పరంపర చేశారు. అందులో తాతగారి దిగంబర దేహం, కూతురి అందం ఒకే ఫ్రేములో పక్కపక్కన నిలబడతాయి.

షేర్‌గిల్ చిక్కిన ఒంట్లో సిగ్గు కనిపించదు. కారణం వెతకడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. ఆయన పురుషుడు, డబ్బున్నవాడు, పండితుడు. తిండి మానేయడం ఆయన ఇష్టం, మళ్లీ తినడమూ ఆయన ఇష్టమే. బజార్లో నడుస్తుంటే వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. డేవిస్‌కు, కోజెర్‌స్కీకి ఆ సౌకర్యం లేదు. వాళ్లు ఒంటరిగా గదిలో తీసుకున్న ఫొటోలోనూ వీధిలోని చూపులన్నీ వచ్చి కూర్చుంటాయి.

ఆ చూపుల్నే నేరుగా పట్టుకున్న ఫొటోగ్రాఫర్ మరొకరున్నారు. హేలీ మోరిస్ కఫియేరో. 2010లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ మెట్ల మీద కూర్చుని స్వీయ చిత్రం తీసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలో వెనక ఒక మగవాడు. అతన్ని ఎదురుగా ఒక స్త్రీ ఫొటో తీస్తోంది. అయినా అతని కళ్లు కెమెరా మీద లేవు, కఫియేరో మీద ఉన్నాయి. థైరాయిడ్ సమస్యతో లావెక్కిన ఆమెకు ఆ చూపు కొత్త కాదు. ఆధారంతో దొరకడం మాత్రం కొత్త. అప్పటి నుంచి రద్దీ వీధుల్లో కెమెరాను అందరికీ కనిపించేలా పెట్టి, మ్యాప్ చూసుకుంటూనో, ఐస్‌క్రీమ్ తింటూనో నిలబడేవారు. వెనకున్నవారి పని వారు చేశారు. ఒక ఫొటోలో యూనిఫాంలో ఉన్న పోలీసు తన టోపీని ఆమె తల మీద పట్టుకుని ఆటపట్టిస్తున్నట్టు కనిపిస్తాడు.

ఆ క్షణంలో వారి మనసులో ఏముందో ఫొటో రుజువు చేయలేదు. ఎండకు కళ్లు చికిలించిన మనిషి కూడా వెక్కిరించినట్టే ఉంటాడు. ఈ అభ్యంతరంలో న్యాయముంది. కాకపోతే 2013లో ఆ చిత్రాలు ఇంటర్నెట్‌లో పాకిపోయాక వచ్చిన ఉత్తరాలకు ఆ సందేహ లాభం ఇవ్వడం కష్టం. కాస్త ఒళ్లు తగ్గు, మేకప్ వేసుకో, జనం చూడరు అని ఊరూపేరూ లేని సలహాలు గుట్టలుగా వచ్చాయి. కఫియేరో బరువు తగ్గే పని పెట్టుకోలేదు. విగ్గులు, కృత్రిమ ముక్కులు తెప్పించుకున్నారు. తనను తిట్టినవారు బయటపెట్టుకున్న ఫొటోలు వెతికి, వారిలా వేషం కట్టి, వారి మాటల్నే జోడించి మళ్లీ స్వీయ చిత్రాలు తీసుకున్నారు. 'ద బుల్లీ పల్పిట్' అనే ఆ పుస్తకం 2019లో వచ్చింది.

చేతిలో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ ఇప్పుడు స్వీయ చిత్రకారులే కదా, మరి వీరి గొప్పేమిటి అనొచ్చు. తేడా ఉంది. ఫోన్‌లో ముఖం తెరుచుకునేలోపే దవడ సన్నబడుతుంది, చర్మం నునుపెక్కుతుంది. ఇరవై తీసి పందొమ్మిది చెరిపేస్తాం. డేవిస్ పుస్తకమంతా మామూలుగా చెరిపేసే ఆ పందొమ్మిదితోనే నిండి ఉంటుంది. అయితే దీన్ని మందులా అందరికీ రాసివ్వడం ప్రమాదం. తిండి మానేసి ఎముకలు తేలే జబ్బున్న ఆడపిల్లలు రోజూ అద్దం ముందు మణికట్టును, నడుమును కొలుచుకుంటూ ఉంటారు. వారి చేతిలో కెమెరా మరో కొలబద్ద అవుతుంది. చూసుకోవడం వేరు, కాపలా కాయడం వేరు. రెండింటినీ విడదీసే గీత చాలా సన్నం.

ఆ గీత మీదే నిలబడిన కళాఖండం ఒకటి 1972లో వచ్చింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం వార్షిక ప్రదర్శన ఆ విడత శిల్పాలకు. కాలిఫోర్నియాలో ఉంటున్న ఎలినార్ ఆంటిన్ రాయి కొనలేదు, ఉలి పట్టలేదు. డైటింగ్ మొదలుపెట్టారు. ప్రాచీన గ్రీకు శిల్పులు రాతిని నాలుగు వైపుల నుంచీ పొరలు పొరలుగా చెక్కుకుంటూ లోపలికి వెళ్లేవారట. ఆంటిన్ తన ఒంటినే ఆ రాయిగా తీసుకున్నారు. ప్రతి ఉదయం నగ్నంగా నిలబడి ముందు, వెనక, కుడి, ఎడమ నాలుగు ఫొటోలు. 37 రోజులు, 148 నలుపు తెలుపు చిత్రాలు. తగ్గింది 10 పౌండ్లు, నాలుగున్నర కిలోలు. పేరు 'కార్వింగ్: ఎ ట్రెడిషనల్ స్కల్ప్‌చర్'.

గోడ మీద వరసగా పేర్చిన ఆ చిత్రాల ముందు నిలబడితే మొదటి రోజుకూ రెండో రోజుకూ తేడా కనిపించదు. పదో రోజుకూ పెద్దగా కనిపించదు. మొదటి నిలువు వరస నుంచి చివరి నిలువు వరసకు చూపు గెంతిస్తేనే కాస్త తెలుస్తుంది. ప్రకటనకర్తలు అయితే మధ్యలోని 140 చిత్రాలను చెత్తబుట్టలో వేసి, ఆ రెండు చివరలే ఉంచుకునేవారు. ఆంటిన్ అన్నీ ఉంచారు. ఆడవారికి అందం పేరుతో చెప్పే లెక్కలను ఎగతాళి చేస్తున్నారా, నిజంగానే పాటిస్తున్నారా అన్నది ఆ ఫొటోల్లోని నిర్వికారమైన ముఖం చెప్పదు. చూసినవారు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

2016 అక్టోబరులో ఆమె భర్త, కవి డేవిడ్ ఆంటిన్ కన్నుమూశారు. మరుసటి ఏడాది, 82 ఏళ్ల వయసులో, ఎలినార్ ఆంటిన్ మళ్లీ డైటింగ్ మొదలుపెట్టి, మళ్లీ బట్టలు విప్పి కెమెరా ముందు నిలబడ్డారు. మొదటిసారి 37 రోజుల్లో దిగిన బరువు ఈసారి అంత త్వరగా దిగలేదు. నెలలు పట్టింది. పెద్ద వయసు ఒళ్లు ఉలికి లొంగలేదు. చర్మం జారింది, వీపు వంగింది, ఒంటి మీద ముప్పై ఏడేళ్ల యువతి ఆనవాలు ఎక్కడో అరా కొరా. అప్పటి 148 చిత్రాలు ఈసారి దాదాపు 500 అయ్యాయి. 2019లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో పాతవీ కొత్తవీ కలిపి ప్రదర్శించారు. రెండింటి మధ్య 45 ఏళ్లు.